క్రిమి లేదన్నారు, మరి జ్వరం ఎందుకు వచ్చింది?

ప్రశ్న: నా వయసు 48. రెండు నెలల కిందట మెట్ల మీద జారిపడి కుడి మోకాలి కింది ఎముక విరిగింది. చర్మం ఎక్కడా తెగలేదు, గీరుకుపోయిన గుర్తు కూడా లేదు. కట్టు వేసిన రాత్రి నుంచి జ్వరం మొదలై రెండు రోజులపాటు 38 డిగ్రీల సెల్సియస్ దాటింది. రెండో రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు 13,400 అనీ, ఒంట్లోని వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ లీటరుకు 96 మిల్లీగ్రాములనీ వచ్చింది. డాక్టరుగారు చూసి, ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, దెబ్బ తాలూకు జ్వరమేనని చెప్పి యాంటీబయాటిక్ రాయలేదు. తొమ్మిదో రోజుకు సీఆర్‌పీ 14కు దిగింది, జ్వరం మళ్ళీ రాలేదు. అయినా మా బావమరిది, 'నిప్పు లేనిదే పొగ రాదు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉండే ఉంటుంది, వాళ్ళు పట్టుకోలేకపోయారు' అంటున్నాడు. క్రిమి అన్నది లేకుండా ఒంట్లో ఇంత హడావిడి జరుగుతుందా? మళ్ళీ ఇలా కాకుండా రోగనిరోధక శక్తిని పెంచే మాత్రలు వాడవచ్చా? కట్టు తీసి పది రోజులైనా సాయంత్రానికి చీలమండ ఉబ్బుతోంది. అది కూడా దీని కొనసాగింపేనా?

జవాబు: మీ బావమరిదిగారి సామెతతో నాకు పేచీ లేదు. పొగ వచ్చిందంటే నిప్పు ఉన్నట్టే. అయితే ఆ నిప్పు సూక్ష్మజీవే కావాలన్న నియమం లేదు. ఎముక విరిగిన క్షణంలో దాని చుట్టూ ఉన్న కండరంలో, లోపలి మూలుగలో, ఎముక మీది పొరలో, సన్నని రక్తనాళాలలో లెక్కలేనన్ని కణాలు చితికిపోయాయి. వాటి నుంచి ఒలికిన పదార్థాలే మీ తెల్లకణాలను పెంచాయి, జ్వరం తెప్పించాయి, సీఆర్‌పీని 96కు చేర్చాయి. మీ డాక్టరుగారు యాంటీబయాటిక్ రాయకపోవడం నిర్లక్ష్యం కాదని, మీరు రాసిన అంకెలను బట్టి అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కారణం కొంచెం వివరంగా చెబుతాను. అది అర్థమైతే మాత్రల గురించిన మీ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

రోగనిరోధక వ్యవస్థ అనగానే మనలో చాలామందికి సరిహద్దు కాపలా గుర్తుకు వస్తుంది: బయటివాడు వస్తే పట్టుకోవడం, లోపలివాడిని వదిలేయడం. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం 'తనది, పరాయిది' అనే ఈ తేడా చుట్టూనే ఆలోచించారు. కానీ ఆ లెక్కకు లొంగని సంగతులు కళ్ళెదుటే ఉన్నాయి. మనం రోజూ తినే ఆహారం పరాయిదే, దాని మీద యుద్ధం జరగదు. గర్భస్థ శిశువు జన్యువులలో సగం తండ్రివి, అయినా తల్లి శరీరం ఆ శిశువును తొమ్మిది నెలలు మోస్తుంది. మరోవైపు, బాగా శుద్ధి చేసిన పరాయి ప్రోటీన్‌ను ఒంటరిగా సూదిమందుగా ఇస్తే శరీరం చాలాసార్లు దాన్ని పట్టించుకోదు. చికాకు పుట్టించే మరో పదార్థాన్ని తోడుగా కలిపినప్పుడే అది మేలుకుంటుంది. టీకాలు తయారుచేసేవారికి ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు గానీ, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగినవారు లేరు.

1989లో అమెరికా శాస్త్రవేత్త ఛార్లెస్ జేన్‌వే ఈ చిక్కును ఎత్తిచూపి, సూక్ష్మజీవులకు మాత్రమే ప్రత్యేకమైన కొన్ని గుర్తులను పట్టే గ్రాహకాలు మన కణాలకు ఉండి తీరాలని ప్రతిపాదించారు. అటువంటి గ్రాహకాలు తర్వాతి పదేళ్ళలో నిజంగానే దొరికాయి. ఆ పరిశోధనకు 2011లో నోబెల్ బహుమతి లభించింది కూడా. 1994లో పాలీ మాట్జింగర్ అనే శాస్త్రవేత్త మరో అడుగు ముందుకు వేశారు. వచ్చినవాడు మనవాడా పరాయివాడా అన్నది కాదు, ఇక్కడ ఏమైనా ధ్వంసమవుతోందా అన్నదే ఈ వ్యవస్థ వేసే మొదటి ప్రశ్న అని ఆమె వాదించారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది దెబ్బతిన్న కణమే.

అది ఎలా చెబుతుందో చూడటానికి మీ పిక్కలోని ఒకే ఒక్క కండరకణాన్ని తీసుకుందాం. దాని పొర చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు లోపలివి లోపల, బయటివి బయట ఉంటాయి. కణానికి ఇంధనంగా పనికివచ్చే ఏటీపీ అనే అణువు లోపల పుష్కలంగా ఉంటుంది, బయటి ద్రవంలో దాదాపు ఉండదు. ఈ రెండు గాఢతలకూ మధ్య తేడా వేల రెట్లలో ఉంటుంది. విరిగిన ఎముక కొస గుచ్చుకొని పొర చిరగగానే ఆ ఏటీపీ ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. కణజాలంలో కాపురముండి చెత్తను మింగే మ్యాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాల పొర మీద దాన్ని పట్టే గ్రాహకాలు ముందే కాచుకొని ఉంటాయి. కేంద్రకంలో డీఎన్‌ఏకు అంటిపెట్టుకొని దాని అమరికలో తోడ్పడే హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీన్ కూడా అదే చిరుగులోంచి జారిపోతుంది. చనిపోయే కణాలలో పోగుపడే యూరిక్ ఆమ్లం సైతం ఇటువంటి హెచ్చరికే ఇస్తుందని 2003లో తేలింది. వీటిలో ఏదీ విషం కాదని గమనించండి. ఇంట్లో ఉన్నంతసేపు ఇవన్నీ సంసారానికి పనికివచ్చే సామాన్లే. వీధిలో చెల్లాచెదురుగా పడి కనిపించినప్పుడే ఆ ఇంటికి ఏదో అయిందని తెలుస్తుంది. శాస్త్ర గ్రంథాలలో వీటిని డ్యాంప్స్ అంటారు, మనం అపాయ సంకేతాలు అనుకుందాం.

వీటన్నిటిలో నాకు అతి విచిత్రంగా తోచేది మైటోకాండ్రియా సంగతి. కణానికి శక్తిని తయారుచేసిపెట్టే ఈ చిన్న భాగాలు వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం కిందట స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియా. ఇంకో కణంలో చేరి అక్కడే స్థిరపడిపోయాయి. అయినా పుట్టింటి ఆనవాళ్ళు పూర్తిగా పోలేదు. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. దాని సూచనల మేరకు తయారయ్యే 13 ప్రోటీన్ల నిర్మాణం, బ్యాక్టీరియాలో లాగానే, ఫార్మైల్ అనే రసాయన తోక తగిలించిన మిథయొనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. మన న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలకు ఈ ఫార్మైల్ వాసన తగిలితే చాలు, బ్యాక్టీరియా వచ్చిందన్నట్టే అటు పరుగెడతాయి. తీవ్రమైన దెబ్బలు తగిలినవారి రక్తంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆరోగ్యవంతులలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని, ఆ శకలాలు న్యూట్రోఫిల్స్‌ను నేరుగా రెచ్చగొడతాయని 2010లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అంటే, మీ ఒంట్లో బ్యాక్టీరియా ఉండి ఉంటుందన్న మీ బావమరిదిగారి అనుమానంలో ఒక వింత నిజం ఉంది. తెల్లకణాలు పసిగట్టింది బ్యాక్టీరియా వంశంవారినే. కాకపోతే వారు మీ ఇంటివారై కోట్ల ఏళ్ళు గడిచిపోయాయి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. మన ఒంట్లో ప్రతిరోజూ వేల కోట్ల కణాలు కాలం తీరి చనిపోతూనే ఉంటాయి గదా, మరి రోజూ జ్వరం రాదేమి? కణం చనిపోయే తీరులోనే తేడా ఉంది. వయసు మీరిన కణం తన మరణాన్ని తానే ఏర్పాటు చేసుకుంటుంది. లోపలి డీఎన్‌ఏను ముక్కలు చేసుకొని, పొర చిరగకుండా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి, నన్ను తీసుకుపొమ్మన్నట్టుగా ఒక గుర్తును పొర బయటి వైపుకు తిప్పి పెడుతుంది. 1972లో ఈ పద్ధతికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. మ్యాక్రోఫేజ్‌లు వచ్చి ఆ పొట్లాలను మింగేస్తాయి, చప్పుడు కాదు. ఇలా చనిపోయే కణంలో హెచ్‌ఎంజీబీ1 డీఎన్‌ఏకు గట్టిగా అతుక్కుపోయి బయటికి రాదని, చితికి చనిపోయిన కణం నుంచి మాత్రం ధారాళంగా కారిపోతుందని 2002లో కనుగొన్నారు. మీ కాలిలో జరిగింది ఆ రెండో రకం చావు.

సంకేతం బయటపడ్డాక ఏం జరుగుతుందో కళ్ళారా చూసే వీలు ఇప్పుడు ఉంది. 2009లో ఒక పరిశోధక బృందం జీబ్రా చేప పిల్ల తోకను కొంచెం కత్తిరించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆ పిల్ల శరీరం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి అన్నీ కనిపిస్తాయి. తెల్లకణం ఒక్కటైనా అక్కడికి చేరకముందే, కోసిన అంచు దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి, అంచు దగ్గర చిక్కగా, దూరం వెళ్ళేకొద్దీ పలచగా పరచుకుంది. తెల్లకణాలు ఆ చిక్కదనం ఎటు పెరిగితే అటు నడిచాయి. మరుసటి ఏడు ఇంకొక బృందం ఎలుక కాలేయంలో అతి చిన్న చోట, సూక్ష్మజీవి ప్రసక్తి లేకుండా, వేడితో కొన్ని కణాలను చంపింది. చనిపోయిన కణాల ఏటీపీ అందగానే చుట్టుపక్కల రక్తనాళాల గోడలు జిగురుగా మారాయి, ప్రవాహంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్స్ ఆ గోడలకు అంటుకున్నాయి. అక్కడి నుంచి అవి నాళం లోపలి గోడను పట్టుకొని పాకుతూ దెబ్బ తగిలిన వైపు సాగాయి. చివరి కొద్దిపాటి దూరంలో, రక్తప్రసారం ఆగిపోయిన చోట, వాటిని నడిపించింది చచ్చిన కణాల మైటోకాండ్రియా నుంచి వచ్చిన ఆ ఫార్మైల్ వాసనే. ఒక్క క్రిమి కూడా లేని చోటికి ఇంత పకడ్బందీగా దారి వేసిన ఏర్పాటు ఇది.

ఇక మీ రక్తపరీక్ష దగ్గరికి వద్దాం. ఏటీపీ తాకిన మ్యాక్రోఫేజ్ లోపల ఇన్‌ఫ్లమజోమ్ అనే ఒక ప్రోటీన్ల కూటమి ఏర్పడి, ఇంటర్‌ల్యూకిన్-1 అనే సందేశవాహకాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి దానికి తోడవుతాయి. ఈ సందేశం మెదడులోని హైపోథలామస్‌కు చేరినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారై శరీర ఉష్ణోగ్రత హద్దు పైకి జరుగుతుంది. మీకు వచ్చిన 38 డిగ్రీల జ్వరం అదే. మూలుగకు చేరినప్పుడు నిల్వ ఉన్న న్యూట్రోఫిల్స్ బయటికి వస్తాయి, దెబ్బ తగిలినప్పుడు ఊరే ఒత్తిడి హార్మోన్లు కూడా వాటి సంఖ్యను పెంచుతాయి. మీ 13,400 అదే. కాలేయానికి చేరినప్పుడు అది సీఆర్‌పీ తయారీని అనేక రెట్లు పెంచుతుంది. సీఆర్‌పీ దెబ్బ తగిలిన కొన్ని గంటలలో పెరగడం మొదలుపెట్టి సుమారు రెండు, మూడు రోజులకు శిఖరానికి చేరుతుంది. తయారీ ఆగిపోతే రక్తంలో ఉన్నది దాదాపు 19 గంటలకు ఒకసారి సగమవుతూ వస్తుంది. రెండో రోజు 96, తొమ్మిదో రోజు 14 అన్న మీ అంకెలు ఎక్కి దిగిన ఒకే ఒక్క కొండను చూపిస్తున్నాయి. లోపల ఇన్‌ఫెక్షన్ ఉండి, దానికి మందు ఏమీ పడకపోయి ఉంటే, ఈ అంకె ఇంత శుభ్రంగా దిగిరావడం చాలా అరుదు.

అయితే ఒక్క మాట. రెండో రోజు కాగితాన్ని మాత్రమే చేతికిచ్చి ఇది దెబ్బా, ఇన్‌ఫెక్షనా అని అడిగితే నేనైనా చెప్పలేను. రెండు దారులూ చివరికి చేరేది అదే ఇంటర్‌ల్యూకిన్‌ల దగ్గరికి, కాబట్టి సీఆర్‌పీకి గానీ తెల్లకణాల సంఖ్యకు గానీ కారణం ఏదో తెలియదు. వైద్యులు చూసేది కాలక్రమాన్ని, శరీరాన్ని. చర్మం తెగని దెబ్బ తర్వాత మొదటి రెండు రోజుల్లో వచ్చి తగ్గిపోయే జ్వరం ఒక రకం. మూడు రోజులు దాటాక కొత్తగా మొదలైన జ్వరం, తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరిగిన సీఆర్‌పీ, చలితో వణుకు, దగ్గు, మూత్రంలో మంట, శస్త్రచికిత్స జరిగి ఉంటే కుట్ల దగ్గర ఎరుపూ చీమూ, ఇవి ఇంకో రకం. వీటిలో ఏది కనిపించినా దెబ్బ జ్వరమేలే అని ఊరుకోకూడదు. చర్మం చీలి ఎముక బయటపడిన సందర్భంలో యాంటీబయాటిక్ ఆలస్యం చేయకుండా ఇవ్వాలి కూడా. అందువల్ల మీ అనుభవాన్ని ఆ రకం దెబ్బ తగిలినవారికి సలహాగా చెప్పకండి.

ఈ సిద్ధాంతం గురించి అతిగా చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. అపాయ సంకేతాలుగా మొదట్లో పేరు తెచ్చుకున్న కొన్ని ప్రోటీన్లు నిజానికి ఆ పని చేయలేదని, ప్రయోగశాలలో వాటిని బ్యాక్టీరియా సాయంతో తయారుచేసేటప్పుడు కలిసిపోయిన బ్యాక్టీరియా మలినాలే ప్రభావం చూపాయని తర్వాత బయటపడింది. సూక్ష్మజీవులను గుర్తుపట్టే ఏర్పాటును ఈ సిద్ధాంతం కొట్టిపారేయలేదు, దానికి జతగా నిలిచింది. ఒకే గ్రాహకం రెండు పనులూ చేసే సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మాత్రల సంగతి. రోగనిరోధక శక్తిని పెంచుతామని చెప్పే మాత్రలు వాడవద్దనే నా సలహా. మీకు ఆ శక్తి తక్కువై జ్వరం రాలేదు, అది సరిగ్గా పనిచేయడం వల్లే వచ్చింది. ఒకవేళ ఆ మాత్రలు నిజంగా చెప్పినంత పనీ చేస్తే, అదే దెబ్బకు జ్వరం ఇంకా ఎక్కువగా, వాపు ఇంకా ఎక్కువ రోజులు ఉండాలి. అది మీరు కోరుకునేది కాదు గదా. ఈ హెచ్చరిక అవసరానికి మించి మోగితే కంచే చేను మేసినట్టవుతుంది. గౌట్ అనే కీళ్ళ జబ్బులో కీలు ఎర్రగా కాలిపోతున్నట్టు ఉబ్బడానికి క్రిమి కారణం కాదు, యూరిక్ ఆమ్ల స్ఫటికాలు ఆ ఇన్‌ఫ్లమజోమ్‌ను మేల్కొల్పడమే కారణమని 2006లో తేలింది. గుండెపోటులో ఆక్సిజన్ అందక చచ్చిన గుండె కండరం పంపే సంకేతాలు కూడా ఈ కోవలోవే.

పోనీ హెచ్చరికను అణిచేస్తే మంచిదా అంటే, అదీ ఉచితంగా రాదు. గతంలో గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ కొంచెం ఎక్కువగా ఉన్న 10,061 మందిపై జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కానీ ఆ మందు తీసుకున్నవారిలో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. దెబ్బను వినే చెవీ, క్రిమిని వినే చెవీ ఒకటే అయినప్పుడు ఒకదాన్ని మూసి రెండోదాన్ని తెరిచి ఉంచడం కష్టం. మీరు మాత్రలకు పెట్టదలచుకున్న డబ్బును, శ్రమను సరిపడా ప్రోటీన్ ఉన్న భోజనానికి, నిద్రకు, పొగ తాగే అలవాటు ఉంటే దాన్ని మానడానికి మళ్ళించండి. పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుందన్నది బాగా రుజువైన విషయం.

మీరు అడగలేదు గానీ, నొప్పి మాత్రల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాపు తగ్గించే ఐబుప్రొఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయి. ఎముక అతకడానికి తొలిరోజుల్లో ఆ ప్రోస్టాగ్లాండిన్ అవసరమని ఎలుకలలో స్పష్టంగా కనబడింది, మనుషులలో జరిగిన అధ్యయనాలు మాత్రం ఒకే మాట చెప్పడం లేదు. డాక్టరుగారు కొద్దిరోజులకు రాసినవి వాడటంలో భయం అక్కరలేదు. సొంతంగా వారాల తరబడి మింగడం కడుపుకూ మూత్రపిండాలకూ మంచిది కాదు.

చివరిగా మీ చీలమండ. ఇది ఆ తొలి హెచ్చరిక కొనసాగింపు కాకపోవచ్చు. ఆ పని పూర్తయ్యాక న్యూట్రోఫిల్స్ చనిపోయి, మ్యాక్రోఫేజ్‌లు వాటిని మింగి, అవే కొత్త కణజాలాన్ని కట్టించే పనిలోకి మారిపోతాయి. మీ తొమ్మిదో రోజు సీఆర్‌పీ ఆ మలుపునే సూచిస్తోంది. వారాలపాటు కదలని కాలిలో పిక్క కండరం సన్నబడి, రక్తాన్ని, కణజాలంలోని ద్రవాన్ని పైకి నెట్టే బలం తగ్గుతుంది. అందుకే పగలంతా నిలబడితే సాయంత్రానికి ఉబ్బి, రాత్రి పడుకుంటే ఉదయానికి తగ్గుతుంది. కూర్చున్నప్పుడు కాలిని ఎత్తుమీద పెట్టుకోండి, ఫిజియోథెరపిస్ట్ చెప్పిన మేరకు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. ఉదయానికి కూడా తగ్గకుండా ఒక్క కాలే ఉబ్బి, పిక్కలో నొప్పీ వెచ్చదనమూ ఉంటే మాత్రం లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే స్కానింగ్ చేయించుకోండి. దానితోపాటు ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే, నా వంటివారికి ఉత్తరం రాస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి.